ఎవ్వరి చేతి రొట్టె చెల్లుతది

మా అత్తమ్మ పోయిందన్న కబురు నేను అరిసి చెప్పాల్సొచ్చింది. ఢిల్లీల తెలంగాణ బిల్లు పాసైన సాయంత్రం అది. ఎల్బీ నగర్ చౌరస్తకెల్లి మా గల్లీ దాంక పటాకులు, డప్పులు, రంగులు. బయట కాలనీ పోరగాళ్ళు ఒచ్చింది, ఒచ్చింది అని ఎగురుతున్నరు. ఇంట్ల నేను మా చర్చి కమిటీ సెక్రటరీకి ఫోన్ జేసి పోయింది, పోయింది అని అరుస్తున్న. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగిన మనిషి. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే. డాక్టరొచ్చి చెయ్యి పట్టి చూసి అద్దాలు తీసిండు, గంతే. ఇన్నేండ్లు పొద్దుమాపు నాతోని కొట్లాడి, పొయ్యేటప్పుడు ఒక్క మాట గూడ చెప్పలే.

రెండో దినం మట్టి చేసినం. సమాధి కాడ మా అయ్యగారు, అంటే మా పాస్టరు, ఆమె గురించి మాట్లాడిండ్రు. ఆయన అన్న ఒక మాట ఇన్నంక నాకు ఏడుపు ఆగిపోయింది. ఏమన్నరో ఆఖరికి చెప్త, ముందు చెప్తే మీకు అందుల మంట ఎక్కడున్నదో తెల్వది. పోయినోళ్ళ గురించి మెత్తగ రాయాలెనట. నాకు మెత్తగ రాదు, అది అత్తమ్మకు ఎరుకే.

మేము నల్లగొండ దిక్కు పల్లెటూరోళ్ళం. మామ పోయినంక అత్తమ్మ ఒక్క కొడుకును పట్టుకొని పట్నం ఒచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక టైలర్ షాపుల జాకెట్లు కుట్టింది. ఆ కొడుకే నా పెనిమిటి. ఎల్బీ నగర్ దాటి బడంగ్‌పేట పోయే తోవల మాది చిన్న మెథడిస్టు చర్చి, రేకుల షెడ్డు. ఆ షెడ్డు లేవకముందు అక్కడ చాప పరిచి ప్రార్థన మొదలువెట్టింది అత్తమ్మనే. తర్వాత పరీక్షలు రాసి లోకల్ ప్రీచర్ అయింది. లోకల్ ప్రీచర్ అంటే వాక్యం చెప్పొచ్చు, ప్రార్థన చెయ్యొచ్చు, రోగుల ఇండ్లకు తిరగొచ్చు. సంస్కారం మాత్రం ఇయ్యొద్దు. సంస్కారమంటే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షారసం. వాటి మీద ఇది నా శరీరం, ఇది నా రక్తం అన్న ప్రభువు మాటలు పలికి ఇచ్చే అధికారం ఆర్డినేషన్ అయిన, అంటే బిషప్ నెత్తిన చేతులుంచి నియమించిన అయ్యగారికే ఉంటది. అది మా రూలు.

ఆడోళ్ళకు ఆర్డినేషన్ ఇయ్యరని కాదు, ఇస్తరు. అత్తమ్మ అడిగింది గూడ. మొదటిసారి అడిగితే, పిల్లగాడు చిన్నోడు గదమ్మా, వాన్ని ఇడిసిపెట్టి పాస్టరు సదువుకు సెమినరీకి ఎట్ల పోతవన్నరు. పిల్లగాడు పెద్దోడై నౌకరిల చేరినంక మల్ల అడిగితే, వయసు దాటిపోయింది గదమ్మా అన్నరు. మీరే చెప్పండ్రి, మధ్యల ఏ రోజు అడిగితే ఇచ్చెటోళ్ళు? నేను గిట్ల అంటే అత్తమ్మ నన్నే కసిరేది. ఎవరు పడితే వాళ్ళు ఇస్తే బల్లకు ఏం ఇజ్జత్ ఉంటది బిడ్డ అనేది. సభ్యత్వం క్లాసుల పిల్లలకు ఆ రూలు నేర్పింది గూడ ఆమెనే.

వాక్యం పొట్టిగ చెప్పేది. మైకు పట్టుకొని గొంతు చించుకునే ప్రసంగీకులు ఎవరన్న ఒస్తే, జర మెల్లగ చెప్పు నాయనా, దేవుడు ఎల్బీ నగర్‌లనే ఉన్నడు అనేది. ఆలస్యంగ ఒచ్చినోళ్ళను చూసి ప్రసంగం ఆపి, రా బిడ్డ, ఇప్పుడే నీ గురించే చెప్తున్న అని పిలిసి ముందు కూసోవెట్టేది. కుట్టుపని చేసిన కండ్లు గదా, ఎదురుంగ ఎవరి జాకెట్ చెయ్యి వంకరగ ఉన్నా ఓర్వలేకపోయేది. ప్రార్థన అయిపోంగనే పోయి ఆ ఆడమనిషి భుజం పట్టుకొని, ఎవడు కుట్టిండే ఇది, ఇప్పి నా కాడికి తీస్కరా అనేది. ఎండైనా వానైనా చేతుల నల్ల గొడుగు, నోట్ల సోంపు. ఏ ఇంట్ల జరమొచ్చినా, ఏ ఇంట్ల మొగుడు పెండ్లాలు కొట్లాడుకున్నా సాయంత్రానికి ఆ గొడుగు ఆ ఇంటి గుమ్మం కాడ ఉండేది.

నాకు మొదటి కాన్పు పోయినప్పుడు సుట్టాలొచ్చి దేవుని చిత్తం, దేవుని చిత్తం అని నా నెత్తి నిమురుతుంటే, అందరినీ బయటికి పంపి తలుపు వేసింది. నా పక్కన కూసొని, నాకు గూడ కోపమొస్తుంది బిడ్డ, మనిద్దరం ఆయనను తిడ్దాం, తర్వాత ప్రార్థన చేద్దాం అన్నది. నిజంగనే తిట్టినం. అట్లాంటి బోధకురాలు ఇంకెక్కడన్న ఉన్నదేమో నాకు తెల్వదు. ఆ దినంకెల్లే నాకు ఆమె అత్తమ్మ అయింది, అప్పటిదాంక ఉత్త అత్తనే.

ఇగ సమ్మె సంగతి, తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మె. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. ఆటోలు ఒకరోజు నడిస్తే రెండు రోజులు నడవయి. మా సెక్రటరీది సర్కారు నౌకరి, ఆయన గూడ సమ్మెల దిగి దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలనే ఉండేటోడు. ఒకరోజు ఎల్బీ నగర్ చౌరస్తల వంటావార్పు పెట్టిండ్రు. రోడ్డు మీదనే రాళ్ళు పెట్టి పొయ్యిలు, పెద్ద గంజులల్ల అన్నం, పప్పుచారు. మా చర్చోళ్ళం అందరం పోయినం. అత్తమ్మ గరిటె పట్టి నిలబడి వడ్డించింది. విజయవాడ హైవే మీద ఆగిపోయిన లారీల డ్రైవర్లు దూరంకెల్లి చూస్తుంటే, వాళ్ళు ఆంధ్రోళ్ళు, వాళ్ళకెందుకని ఎవరో గునిగిండ్రు. అన్నానికి గూడ బార్డర్ గీస్తరా ఏందిరా అని అత్తమ్మ ఇస్తరాకులు పట్టుకొని తానే పోయి పెట్టొచ్చింది.

ఆ దినం సెక్రటరీ మైకుల మాట్లాడిండు. మా పని మాకు చేతనైతది, పైనోడు ఒచ్చి చేసిపెట్టేది ఏంది, ఎన్నేండ్లు చెయ్యి చాపి నిలబడాలె అన్నడు. రోడ్డు దద్దరిల్లింది. నేను గూడ సప్పట్లు కొట్టిన. ఆ మాట నేను ఇయ్యాల్టిదాంక మర్వలే. ఆయననే మర్చిండు.

గా సమ్మెలనే నర్సమ్మకు ఎక్కువైంది. నర్సమ్మది కృష్ణా జిల్లా. పెద్ద దవాఖానల నర్సుగ చేసి రిటైరై, దిల్‌సుఖ్‌నగర్‌ల బిడ్డతోని కిరాయింట్ల ఉండేది. ఆదివారం ఆటో కట్టించుకొని మా షెడ్డుకే ఒచ్చేది. కడుపుల కాన్సర్. ఇంటికి తీస్కపొండ్రి అన్నరు డాక్టర్లు. తన సంగతి ఆమెకు వాళ్ళకంటే ముందే ఎరుక. ఒక్కటే అడిగింది, ప్రభువు బల్ల తీసుకొని పోతానని. మా అయ్యగారు సికింద్రాబాద్ అవతల ఉంటరు. చానా చర్చీలకు ఆయనొక్కరే, మాకు నెలల మొదటి ఆదివారమే ఒస్తరు. ఫోన్ చేస్తే, రోడ్ల మీద రాళ్ళు పడుతున్నయమ్మా, ఒచ్చే ఆదివారం చూద్దాం అన్నరు. ఆ ఆదివారం రాలే. మల్ల చేస్తే, రైళ్ళు గూడ ఆపుతున్నరట, ఇంకో ఆదివారం అన్నరు. అదే రోడ్ల మీద పాలోడు ఒస్తున్నడు, కూరగాయలోళ్ళు బండ్లు తోసుకుంట ఒస్తున్నరు. సంస్కారం ఒక్కటే రాలేకపోయింది.

నర్సమ్మ ఎట్ల ఎదురుచూసిందో నేను కండ్లార చూసిన. ఆదివారం పొద్దుగాల బిడ్డతోని తల దువ్విచ్చుకొని, తెల్లచీర కట్టించుకొని, దిండుకు ఒరిగి తలుపు దిక్కు చూసుకుంట కూసున్నది. మధ్యాహ్నం దాటినంక అత్తమ్మ చెయ్యి పట్టుకున్నది.

"మీరున్నారు కదమ్మా. మీరు ఇవ్వకూడదా? నేనేం పాపం చేశానని నాకు లేదు?"

నాకు అధికారం లేదమ్మా అన్నది అత్తమ్మ. ఆ మాట అనేటందుకు ఆమె ప్రాణం ఎంత పోయిందో నేను పక్కనే ఉండి చూసిన. ఇంటికొచ్చి అన్నం ముట్టలే. గోడ దిక్కు తిరిగి పండుకొని, దేవునికి తొందర లేదు గని పేషెంటుకు ఉంటది గదా అన్నది. నాతోని అన్నదో, ఆయనతోని అన్నదో.

తర్వాత ఒక బంద్ రోజు మధ్యాహ్నం నర్సమ్మ బిడ్డ ఫోన్ చేసింది, అమ్మకు ఊపిరి అందుతలేదని. అత్తమ్మ సంచిల రొట్టె, చిన్న సీసాల ద్రాక్షారసం పెట్టుకొని లేచింది. ఇద్దరం నడుచుకుంటనే పోయినం. మామూలు దినాలల్ల దాటనీకి పావుగంట పట్టే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యల పిల్లలు క్రికెట్ ఆడుతున్నరు. అక్కడికి పోయినంక అత్తమ్మ అయ్యగారికి ఫోన్ చేసి తెగేసి చెప్పింది.

"మీరు రాలేకుంటే రాకుండ్రి. మాటలు మీరు పలకండ్రి, చేతులు నేను పెడ్త."

అయ్యగారు సరే అన్నరు. ఇది జర మతిల పెట్టుకోండ్రి, ఆయన సరే అన్నరు. నర్సమ్మ బిడ్డ ఫోన్ స్పీకర్ల పెట్టి మంచం పక్కన పట్టుకొని నిలబడ్డది. అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె మీది మాటలు పలికిండ్రు. అత్తమ్మ రొట్టె విరిచి నర్సమ్మ నోట్ల పెట్టింది. గిన్నె మీది మాటలు పలకాల్సిన కాడికి ఒచ్చేసరికి లైన్ కట్టయింది. మల్ల చేస్తే స్విచ్చాఫ్. ఇంకోసారి చేసినా స్విచ్చాఫ్.

నర్సమ్మ నోరు ఎండిపోయి ఉన్నది. ఆ రొట్టె ముక్క నాలిక మీదనే ఉన్నది, మింగలేకపోతుంది, ఉమ్మలేకపోతుంది. గిన్నె దిక్కు చూస్తున్నది. అత్తమ్మ ఆ ఫోన్‌ను ఒకసారి చూసింది, నర్సమ్మను ఒకసారి చూసింది. తర్వాత గిన్నె చేతులకు తీసుకొని మిగిలిన మాటలు తానే పలికింది. మెల్లగ పలికింది. చెంచతోని పోస్తే నర్సమ్మ మింగింది. చాలమ్మా అన్నది. తెల్లారి ప్రాణం పోయింది.

ఇందుల తప్పేందో నాకు ఇప్పటికీ అర్థం కాలే. గని తప్పయింది. నర్సమ్మను మట్టి చేసే దినానికి రోడ్లు తెరుచుకున్నయి. అయ్యగారు ఒచ్చిండ్రు, ఆయన మీది అధికారి సూపరింటెండెంట్ గారు గూడ ఒచ్చిండ్రు. చచ్చినంక ఎంతమంది ఒచ్చిండ్రో చూడండ్రి. నర్సమ్మ బిడ్డ పాపం కల్లకపటం తెల్వని పిల్ల, లేచి నిలబడి, మా అమ్మకు ఆఖరి సంస్కారం అమ్మగారి చేతుల మీదుగా అందిందని అత్తమ్మకు దండం పెట్టింది. సూపరింటెండెంట్ గారి మొఖం మారింది. అయ్యగారు నేల దిక్కు చూసిండ్రు. ఆ వారమే మా సెక్రటరీ కంప్లెయింట్ పెట్టిండు. ఎందుకు తమ్మి గిట్ల చేసినవని అడిగితే, రూలు రూలే అక్కా, పైనుంచి అధికారం ఒచ్చినోళ్ళే ఇయ్యాలె అన్నడు. మెడల ఉద్యమం కండువా ఇంక తియ్యలే. చౌరస్తల పైనోడు ఏంది అని గొంతు చించుకున్న నోరు అది. మా రాజ్యం మేము ఏలుకోవచ్చట, మా రొట్టె మేము విరుచుకోవద్దట!

విచారణ మా షెడ్డులనే పెట్టిండ్రు. నర్సమ్మ బిడ్డ అప్పటికి తల్లి సామాన్లు తీస్కొని ఊరికి పోయి ఉన్నది. సూపరింటెండెంట్ గారు ముందు అయ్యగారినే అడిగిండ్రు, ఇది మీకు తెలిసే జరిగిందా అని.

"నేను రోగి నిమిత్తం ప్రార్థన చేశాను. అంతవరకే," అన్నరు అయ్యగారు.

నేను లేవబోయిన. అత్తమ్మ నా కొంగు పట్టి కిందికి గుంజింది. అయ్యగారి మొఖం దిక్కు చానాసేపు చూసింది. ఆయన ఆమె దిక్కు చూడలే. అప్పుడు లేచి, "గిన్నె మీది మాటలు నేనే పలికిన. నా ఇష్టంతోనే పలికిన," అన్నది. రొట్టె మాట ఎత్తనే ఎత్తలే. వాక్యం చెప్పే పర్మిషన్ తీసేసిండ్రు.

ఇంటికొచ్చి నేను కోపంతోని గిన్నెలు ఇసిరేసిన. తర్వాత నర్సమ్మ బిడ్డ ఊరికెల్లి ఒచ్చి సంగతి ఇని, నేను పోయి సూపరింటెండెంట్ గారికి చెప్తానండి అని బయలుదేరితే, ఆ పిల్లను గూడ ఆపింది అత్తమ్మ. అయ్యగారికిద్దరు ఆడపిల్లలు, చర్చి క్వార్టర్స్‌ల ఉంటరు, ఆయన పోస్టు పోతే ఎక్కడ పోతరు అన్నది. "నాదేం పోతది? నోరే గదా." ఈ ఒక్క విషయంల నాకు అత్తమ్మ మీద గూడ కోపమే. ఆ నోరే గదా మా షెడ్డును నిలబెట్టింది. గని విచారణ అయిన రాత్రి చెయ్యి కడుక్కుంట ఒక మాట అన్నది. "రూలు తప్పు కాదు బిడ్డ. రూలు చేతుల పట్టుకున్నోడు రావాలె గదా మరి." ఆమె నోట ఇన్న ఫిర్యాదు అదొక్కటే.

ఆ తర్వాత రెండేండ్ల పైన ఆఖరి వరుసల కూసున్నది. ప్రసంగం బాగలేకున్నా కిక్కురుమనలే. రొట్టె, ద్రాక్షారసం తయారుచేసుడు మాత్రం ఆమె పనే, మొదటిసంది ఆమె పనే. శనివారం కిస్మిస్ నానవెట్టి, ఉడికించి, పల్చటి గుడ్డల వడగట్టేది. రొట్టె అంచులు తీసి చిన్న చిన్న ముక్కలు కోసేది. ఆదివారం అవే ముక్కలు అయ్యగారి చేతులకెల్లి తీసుకునేటందుకు మోకాళ్ళేసి చేతులు చాపేది. శనివారం పనికొచ్చిన చెయ్యి ఆదివారం ఎట్ల పనికిరాకుంట పోయిందో సదువుకున్నోళ్ళు ఎవరన్న నాకు చెప్పండ్రి. నేను మాత్రం బల్లకు లేవలే. ఆయన చేతి రొట్టె నా గొంతు దిగదన్న. రొట్టె ఆయనది కాదు గదనే పిచ్చిదానా అన్నది.

ఇగ సమాధి కాడి మాట. అయ్యగారు పుస్తకం మూసి, గొంతు సవరించుకొని, ఈ సహోదరి తన హద్దును ఎరిగిన స్త్రీ అన్నరు. హద్దు! ఆమె హద్దు గీసింది ఎవరు, అది దాటిన తప్పు ఆమె మీదికి తోసి తప్పించుకున్నది ఎవరు? నా వెనకకెల్లి నర్సమ్మ బిడ్డ ముందుకొచ్చింది.

"ఆ రోజు ఫోను పట్టుకున్నది నేనేనండి. రొట్టె మీద మాటలు మీ నోటితో మీరే పలికారు. మా అమ్మ విన్నది, నేను విన్నాను. ఆవిడ ఇక్కడ ఉండగానే ఒక్కసారి ఒప్పుకోండి."

పెట్టె ఇంక గుంతల దించలే. మట్టి తవ్వేటోళ్ళు గూడ ఆగి చూస్తున్నరు. అయ్యగారు ఆ పిల్ల దిక్కు చూసి, ఇది సమయం కాదమ్మా అని కీర్తన ఎత్తుకున్నరు. చెవుల వెనక సంబురాల రంగు ఇంక పోని మా సెక్రటరీ అందరికంటే గట్టిగ అందుకున్నడు. వాళ్ళ పాట మధ్యల మా అత్తమ్మను కిందికి దించినం.

మొన్న నెలల మొదటి ఆదివారం, అయ్యగారు బల్ల ఇచ్చే దినం, ఒచ్చింది. శనివారం సాయంత్రం కిస్మిస్ డబ్బ కిందికి దించిన. చానాసేపు దాని ముందల కూసున్న. మల్ల తీస్కపోయి అల్మారిల పెట్టిన. అత్తమ్మ ఉంటే నన్ను మంచిగ తిట్టేది. లేదు గదా. ఒక్కరన్న ఫోన్ చేస్తరేమో, రొట్టె సంగతి ఏందని అడుగుతరేమో అని చూసిన. ఎవ్వరు చెయ్యలే. ఇన్నేండ్లల్ల ఆ రొట్టె ఎక్కడికెల్లి ఒస్తదో ఒక్కరు అడిగింది లేదు, ఆ వారం గూడ అడగలే. ఆదివారం పొద్దుగాలనే పోయి షెడ్డు ఊడ్చిన, పళ్ళెం, గిన్నె తోమిన, బల్ల మీద పెట్టి తెల్లగుడ్డ కప్పిన. నేను చేసింది గంతవరకే.

ప్రసంగం అయింది. పాపపు ఒప్పుకోలు ప్రార్థనకు అందరం మోకాళ్ళేసినం. అయ్యగారు సదువుకుంటనే బల్ల కాడికి పోయి తెల్లగుడ్డ లేపిండ్రు. సదువుతున్న మాట మధ్యల ఆగింది. ఒక్కొక్కరే కండ్లు తెరిసిండ్రు. పళ్ళెంల ఏం లేదు. సెక్రటరీ ఒంగుకుంట నా కాడికొచ్చి, రొట్టె ఏదక్కా అని గుసగుసగ అడిగిండు.

"ఇచ్చే అధికారం ఎవరిదో నీకు ఎరుకే గద తమ్మి. తెచ్చే అధికారం ఎవరిదో అయ్యగారినే అడుగు," అన్న. నేను గుసగుసగ అనలే.

ఆయన ఒక క్షణం నిలబడి బయటికి ఉరికిండు. బండి స్టార్ట్ చేసిన సప్పుడు ఇనబడ్డది. ఆ పొద్దు విజయోత్సవ ర్యాలీ ఉన్నది, ఎల్బీ నగర్ దిక్కు దుకాణాలు సగం బంద్. దొరికితే దొరుకుతది, లేకుంటే లేదు. అందరు మోకాళ్ళ మీదనే తలుపు దిక్కు తిరిగిండ్రు. చూడండ్రి, నర్సమ్మ లెక్క జరసేపు మీరు గూడ తలుపు దిక్కు చూడండ్రి అనుకున్న. అయ్యగారు ఆ గుడ్డ అంచు పట్టుకొని అట్లనే నిలబడ్డరు. మల్ల కప్పలేరు, పక్కకు పెట్టలేరు. ఆ చెయ్యి కింద ఉత్త పళ్ళెం.